పనికి పని ఒప్పందం మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి

మాది తెనాలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్. నాన్న తర్వాత పన్నెండేళ్ల నుంచి నేనే చూసుకుంటున్నా. మా లైన్‌లో డబ్బులు లేకుండా పనికి పని మాట్లాడుకోవడం చాలా మామూలు, హోటల్ వాళ్లకి మెనూ కార్డులు వేసిస్తే మా వాళ్లకి టిఫిన్లు వస్తాయి, కంప్యూటర్ల అబ్బాయికి విజిటింగ్ కార్డులు వేసిస్తే మా సిస్టమ్ ఆగిపోయినప్పుడు వచ్చి చూసిపెడతాడు. వెనకటికి ఊళ్లల్లో వృత్తి పనుల వాళ్లకి కోతలయ్యాక మేర కింద ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లు కదా, అదే పద్ధతి ఇంకో రూపంలో నడుస్తోంది. చేతిలో క్యాష్ లేని చిన్న వ్యాపారానికి ఇది నిజంగా పెద్ద సాయం, అందుకే మానేయమని నేను ఎవరికీ చెప్పను. కానీ అవతలివాళ్లు సగంలో ఆపేస్తే ఏం చేయాలో మనలో చాలామందికి తెలీదు, నాకూ తెలీలేదు, ఏడు నెలలు పట్టింది తెలుసుకోడానికి.

నా కేసు చెప్తా, మీకు లెక్క అర్థమవుతుంది. ఇంటీరియర్ పనులు చేయించే ఒకతను కొత్త షోరూమ్ పెడుతూ వచ్చాడు. కేటలాగులు 500, కరపత్రాలు 5000, బిల్ బుక్కులు 20, విజిటింగ్ కార్డులు 2000, పెద్ద ఫ్లెక్సులు 2 కావాలన్నాడు, బదులుగా మా షాపుకి కొత్త కౌంటర్, గోడకి కాగితం పెట్టుకునే రాక్‌లు చేసిస్తానన్నాడు. నేను ఇరవై రోజుల్లో మొత్తం ఇచ్చేశా. ఆయన మనుషులు వచ్చి కౌంటర్ ఫ్రేమ్ కొట్టి ప్లైవుడ్ బిగించి వెళ్లారు, అంతే. సన్‌మైకా లేదు, సొరుగులకి ఛానెల్స్ లేవు, రాక్‌ల ఊసే లేదు. ఆ ప్లైవుడ్ అంచు చీరకి తగులుకుని ఎన్నిసార్లు దారం లేచిందో, కస్టమర్ ప్రూఫ్ (ప్రింట్‌కి ముందు చూపించే నమూనా) చూడ్డానికి చెయ్యి ఆనిస్తే ఎక్కడ పేడు గుచ్చుకుంటుందో అని అక్కడ పాత ఫ్లెక్స్ ముక్క పరిచి పెట్టాం. ఫోన్ చేస్తే ఒకటే మాట, "రేపు మనిషిని పంపిస్తా అక్కా."

ఇక్కడ మనం చేసే మొదటి తప్పు ఏంటంటే రోజూ "నా కౌంటర్ ఎప్పుడు, నా రాక్‌లు ఎప్పుడు" అని అడగడం. అలా అడిగినంత కాలం అది వస్తువు గొడవే, రేపు అంటే రేపు, ఎల్లుండి అంటే ఎల్లుండి. అది బాకీ అవ్వాలంటే రూపాయల్లోకి మారాలి. నోటీసు ఇచ్చినా, లోక్ అదాలత్‌కి (ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే చోటు) వెళ్లినా, కోర్టుకి వెళ్లినా, చివరికి ఆడిటర్ దగ్గర కూర్చున్నా అందరూ అడిగేది ఎంత అనే. అందుకని ఆగిపోయింది అని మీకు అనిపించిన రోజే కూర్చుని లెక్క కట్టండి.

ముందు మీరు ఇచ్చింది రాయండి. ఏ తేదీన ఏం ఇచ్చారు, ఎవరు తీసుకెళ్లారు, దానికి రుజువు ఏముంది. నా దగ్గర ఒప్పందం కాగితం లేదు, కానీ ప్రూఫ్ పంపితే ఆయన "ఓకే అక్కా ప్రింట్ కొట్టేయండి" అని పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి, సరుకు తీసుకెళ్లిన కుర్రాడు సంతకం పెట్టిన డెలివరీ చలాన్లు ఉన్నాయి, ఆ ఫ్లెక్స్ ఆయన షోరూమ్ మీద కనిపిస్తున్న ఫోటో ఉంది. ఇవన్నీ ఒకచోట పెట్టండి, చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మారిస్తే పాత ఫోన్ అమ్మేయకండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రుజువుకి సర్టిఫికెట్ జత చేయాలి, అది లాయర్ చూసుకుంటారు గానీ అసలు మెసేజ్‌లు మన దగ్గర ఉండాలి కదా.

తర్వాత రేటు. ఆ రోజు వేరే కస్టమర్ డబ్బిచ్చి చేయించుకుంటే ఎంత తీసుకునేవాళ్లో అదే వేయండి, కోపంలో పెంచొద్దు, మొహమాటంతో తగ్గించొద్దు. నాకు కేటలాగులు 22,500, కరపత్రాలు 7,500, ఫ్లెక్సులు 3,840, బిల్ బుక్కులు 3,000, కార్డులు 2,000, మొత్తం 38,840 వచ్చింది. ప్రతి రేటుకీ అదే నెలలో వేరేవాళ్లకి కొట్టిన బిల్లు ఒకటి జత పెట్టా. ఈ పని విసుగ్గా ఉంటుంది గానీ తర్వాత ఎవరూ ఒక్క అంకె మీద కూడా వేలు పెట్టలేదు.

ఇప్పుడు కష్టమైన భాగం, ఆయన చేసిన దానికి విలువ కట్టడం. సగం పనిని సున్నా అనాలనిపిస్తుంది, అనకండి, అది న్యాయం కాదు, అక్కడే మన లెక్క మీద నమ్మకం పోతుంది. నేను మాకు సంబంధం లేని ఒక పెద్ద వడ్రంగి మేస్త్రిని పిలిచి చూపించా. ఆయన టార్చ్ వేసి ప్లై లోపలి వైపు ముద్ర చూశాడు, 303 అని ఉంది, ప్లై ఏ రకమో చెప్పే నంబరు అది. "అమ్మా మీకు ఏ ప్లై చెప్పాడు" అన్నాడు. మంచి ప్లై అన్నాడండీ అన్నా. 303లోనే తడికి తట్టుకునే రకం వేరే ఉంటుంది, అది కూడా కాదిది, కమర్షియల్ రకం, నీళ్లకి బాగా ఆగే మెరైన్ ప్లై అయితే 710 ముద్ర ఉంటుంది అని చూపించి చెప్పాడు. నేను మెరైన్ ప్లై అనే అనుకున్నా, కానీ మా చాట్‌లో ఉన్నది "మంచి ప్లై" అనే మాట ఒక్కటే, దానికి ఎవరు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. అందుకే ప్లై రకం మీద నేను గొడవ పెట్టుకోలేదు, ఉన్న సామాను 11,000, కూలి 4,000, మొత్తం 15,000 అని మేస్త్రి చేత ఒక కాగితం మీద రాయించుకున్నా. 38,840లో 15,000 పోతే 23,840. ఆ రోజు నుంచి నేను కౌంటర్ గురించి అడగడం మానేసి ఈ అంకె గురించే మాట్లాడా.

లెక్క అయ్యాక ఫోన్‌లో కాదు, మనిషి దగ్గరికి వెళ్లండి. ఎదురుగా కూర్చుంటే ఇవ్వలేకపోతున్నాడా, ఇవ్వకూడదనుకుంటున్నాడా అన్నది తెలిసిపోతుంది, ఈ రెండిటికీ మన నడక వేరు. ఇవ్వలేనివాడైతే దారి ఇవ్వాలి, ఫలానా తేదీకి పని పూర్తి చేయడమా, మిగిలింది డబ్బుగా రెండు మూడు సార్లు ఇవ్వడమా, లేదంటే అంత విలువ చేసే ఇంకేదైనా ఇవ్వడమా అని. మాట్లాడి బయటికి రాగానే అదే విషయం మెసేజ్ పెట్టేయండి. నేను పెట్టింది ఇది:

"తమ్ముడూ, ఇవాళ మనం మాట్లాడుకున్నట్టు నేను ఇచ్చిన ప్రింటింగ్ విలువ 38,840, నువ్వు చేసిన కౌంటర్ పని 15,000, ఇంకా 23,840 ఉంది. ఈ నెల 25 లోపు మిగతా పని పూర్తి చేయాలి, కాకపోతే ఆ డబ్బు ఇవ్వాలి. నీ లెక్కలో తేడా ఉంటే ఇక్కడే చెప్పు."

"సరే అక్కా, 25కి చూస్తా" అని వచ్చింది. ఆ ఒక్క లైన్ నా కేసులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది, ఎందుకంటే లెక్క తప్పని ఆయన అనలేదు.

ఈ టైమ్‌లో చేయాల్సినవి, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మీ వైపు ఇంకా ఇవ్వాల్సింది ఏమైనా ఉంటే ఆపేయండి, ఆపుతున్నానని చెప్పి ఆపండి. ఆయన మనుషులు మా షాపులో డ్రిల్లింగ్ మిషన్ వదిలేసి వెళ్లారు, మా తమ్ముడు అది దాచేద్దాం అన్నాడు, నేను ఒప్పుకోలేదు, ఫోటో తీసి, కుర్రాణ్ని పిలిపించి సంతకం తీసుకుని ఇచ్చేశా. వాళ్ల పనిముట్లు మన దగ్గర పెట్టుకుంటే బాకీ కథ పక్కకి పోయి మనమే దొంగలమవుతాం. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో, రివ్యూల్లో మోసగాడు అని రాయకండి, పరువునష్టం అంటూ ఎదురు తిరిగితే మనకి ఇంకో తలనొప్పి. మిగిలిన పని వేరేవాళ్లతో చేయించుకోవాలంటే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఫలానా రోజు నుంచి వేరేవాళ్లతో చేయిస్తున్నా అని ఆయనకి మెసేజ్ పెట్టి అప్పుడు మొదలుపెట్టండి, బిల్లులు దాచండి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు. నేను వద్దంటా. మాట తప్పడం వేరు, మోసం వేరు. పాత 420 సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318, అది నిలబడాలంటే ఒప్పందం చేసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. సగం పని చేసిన మనిషి మీద అది చూపించడం చాలా కష్టం.

అసలు కాగితమే లేదు కదా, మనకి హక్కు ఉంటుందా అనే భయం చాలామందికి ఉంటుంది. ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో బదులుగా ఇచ్చేది డబ్బే అయ్యుండాలని ఎక్కడా లేదు, నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, నిరూపించుకోవాలి అంతే. మాట తప్పితే నష్టపరిహారం అడగడానికి సెక్షన్ 73 ఉంది. ఒప్పందం సరిగ్గా తేలకపోయినా, ఊరికే ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా చేసిన పనితో లాభం పొందినవాళ్లు దానికి ప్రతిఫలం ఇవ్వాలని సెక్షన్ 70 చెప్తుంది. టైమ్ మాత్రం చూసుకోండి, మాట తప్పినప్పటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ గడువులోపే బాకీ ఉందని సంతకం పెట్టి రాసిస్తే ఆ రోజు నుంచి మళ్లీ లెక్క మొదలవుతుంది.

25 దాటిపోయింది, మనిషి రాలేదు, డబ్బూ రాలేదు. అప్పుడు నా లెటర్‌హెడ్ మీదే ఒక పేజీ రాశా, ఏం ఇచ్చానో, ఏం వచ్చిందో, ఎంత మిగిలిందో, పదిహేను రోజులు గడువు. తిట్లు లేవు, బాధ కూడా రాయలేదు. రిజిస్టర్డ్ పోస్ట్‌ని 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్ట్‌లోనే పంపాలి, అందినట్టు రుజువు వచ్చేలా అడిగి పంపండి, రసీదు దాచుకోండి. దానికీ కదలిక లేకపోతే లాయర్ నోటీసు, లేదా నేను చేసినట్టు నేరుగా లోక్ అదాలత్.

చిన్న వ్యాపారులకి ఇది అసలు తెలీకపోవడం నాకు బాధగా ఉంటుంది. కేసు వేయకముందే మీ కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల సంస్థ ఆఫీసులో అర్జీ ఇవ్వచ్చు, ప్రీ లిటిగేషన్ అంటారు, కోర్టు ఫీజు ఉండదు. వాళ్లు అవతలివాళ్లకి నోటీసు పంపి పిలుస్తారు. ఇద్దరూ ఒక మాట మీదికి వస్తే దాన్ని అవార్డుగా రాస్తారు, అది సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది ఇది, నాకు లాయర్ అలాగే వచ్చారు. ఎక్కడికి వెళ్లాలో తెలీకపోతే 15100కి ఫోన్ చేయండి. ఒక్క విషయం, అవతలివాళ్లు రాకపోయినా ఒప్పుకోకపోయినా లోక్ అదాలత్ బలవంతం చేయలేదు, అప్పుడు దావానే దారి.

జీఎస్టీ సంగతి కూడా చెప్పాలి, చాలామంది డబ్బు చేతులు మారలేదు కాబట్టి బిల్లు అక్కర్లేదు అనుకుంటారు. 2017 జీఎస్టీ చట్టంలో సెక్షన్ 7 బార్టర్‌ని, అంటే ఇలా డబ్బు లేకుండా మార్చుకోవడాన్ని కూడా సప్లై అనే అంటుంది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఎవరి వైపు ఇచ్చినదానికి వాళ్లు మార్కెట్ విలువ మీద బిల్లు కొట్టాలి. అవతలివాడు సగమే ఇచ్చాడని మనం ఇచ్చిన దాని మీద టాక్స్ తగ్గదు. నేను 38,840 మొత్తానికి కట్టాల్సిందే. ముందే మాట్లాడుకోకపోతే టాక్స్ ఆ విలువలో కలిసుందా, పైన వేరేనా అని ఇంకో గొడవ, నాకు అదీ అయింది, చివరికి కలిసే ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

లోక్ అదాలత్‌లో ఆయన మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చాడు. నా కాగితాలు చూసి బెంచ్‌లో ఉన్న ఆవిడ ఆయన్ని అడిగింది ఒక్కటే, "ఈ కేటలాగులు మీవేనా?" నావేనండీ అన్నాడు. 21,000కి ఒప్పుకున్నాం, నెలకి 7,000 చొప్పున మూడు నెలలు. 2,840 వదిలేశానని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు, కానీ రెండేళ్లు తిరిగే ఓపిక, టైమ్ నాకు లేవు, షాపు ఎవరు చూస్తారు. మీ అంకె పెద్దదైతే మీ నిర్ణయం వేరేగా ఉండొచ్చు.

ఇప్పుడు కూడా పనికి పని చేస్తున్నా, కాకపోతే నా ఆర్డర్ బుక్కులో దానికి వేరే పేజీ ప్రింట్ చేయించుకున్నా. ఎడమవైపు నేను ఇచ్చేది, కుడివైపు వాళ్లు ఇచ్చేది, ప్రతిదానికీ రకం, సైజు, రూపాయి విలువ, టాక్స్ కలిపా వేరేనా, తేదీ. మంచిది, బాగుండేది లాంటి మాటలు రాయను, ప్లై అయితే ముద్ర నంబరు, పేపర్ అయితే ఎన్ని జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో). కింద ఒక లైన్, "తేదీ దాటి 15 రోజుల్లోపు ఇవ్వకపోతే మిగిలిన విలువ డబ్బుగా ఇవ్వాలి." ఇద్దరి సంతకం, కార్బన్ కాపీ వాళ్లకి. ఇంకా ఒకటి, మొత్తం ఒకేసారి ఇవ్వను, వాళ్లది ఒక భాగం వచ్చాక నాది ఒక భాగం.

పోయిన నెల ఏసీ మెకానిక్‌తో అలాగే రాసుకున్నాం, స్టిక్కర్లు 1000కి బదులు రెండు ఏసీల సర్వీసింగ్. మొదటి ఏసీ అయ్యింది, 500 స్టిక్కర్లు ఇచ్చా. రెండోది ఈ ఆదివారం.