మిషిగన్‌లో మీ పిల్లలు పారితోషికంతో రెఫరీగా పనిచేయాలంటే

నోవై, ట్రాయ్, కాంటన్ వంటి ఊళ్లలోని తెలుగు పిల్లలు కొందరు 12, 13 ఏళ్లకే సాకర్ రెఫరీగానో బేస్‌బాల్ అంపైరుగానో పనిచేస్తామని, అందుకు డబ్బు కూడా ఇస్తారని ఇంట్లో అడుగుతుంటారు. 14 ఏళ్లు నిండనిదే ఉద్యోగం చేయకూడదు కదా అని తల్లిదండ్రులు సందేహించడం సహజమే. మిషిగన్ 1978 నాటి యువజన ఉపాధి ప్రమాణాల చట్టంలో ఈ పనికి ప్రత్యేకమైన మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపు ప్రకారం 11 ఏళ్లు నిండినవారు యువ క్రీడా కార్యక్రమాల్లో రెఫరీగా, అంపైరుగా పనిచేయవచ్చు. అయితే వారు తమకంటే చిన్న వయోవర్గం ఆటలకే వెళ్లాలి. ఆట జరుగుతున్నంతసేపూ కార్యక్రమం తరఫున ఒక పెద్దవారు ఆ ప్రాంగణంలో ఉండాలి. తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుని లిఖితపూర్వక సమ్మతి నిర్వాహకుల దగ్గర ఉండాలి. సమ్మతిపత్రం మీద సంతకం చేసే ముందు ఆ పెద్దవారు ఎవరో, మైదానంలో ఎక్కడ నిలబడతారో అడిగి తెలుసుకోండి. 12 ఏళ్ల పిల్ల ఆఫ్‌సైడ్ ఇచ్చిందని ఒక తండ్రి గీత దగ్గరికి వచ్చి కేకలు వేస్తే, ఆయనను ఆపవలసింది ఆ పిల్ల కాదు, ఆ పెద్దవారే.

రాష్ట్ర మినహాయింపు ఉన్నంత మాత్రాన ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం పక్కకు పోదు. అందువల్ల లీగు మీ పిల్లలను ఉద్యోగిగా పరిగణిస్తుందా, స్వతంత్ర కాంట్రాక్టరుగానా అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. మైనర్లు పనిచేయడానికి తీసుకునే వర్క్ పర్మిట్ విషయమూ అప్పుడే అడగండి. ఫెడరల్ చట్టం వర్తించే ఉద్యోగమైతే కనీస వయసు 14. 14, 15 ఏళ్లవారు బడి ఉన్న రోజున 3 గంటలకు, బడి నడిచే వారంలో 18 గంటలకు మించి పనిచేయకూడదు. ఉదయం 7 నుంచి రాత్రి 7 లోపే పని ముగియాలి. జూన్ 1 నుంచి లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వరకు మాత్రం రాత్రి 9 దాకా అనుమతి ఉంది.

మన కుటుంబాలు అన్నిటికంటే ముందు చూసుకోవలసినది వీసా. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వంటి ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబ సభ్యులకిచ్చే వీసా మీద ఉన్న పిల్లలకు పని అనుమతి లేదు. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి పత్రం) కొందరు జీవిత భాగస్వాములకే గాని పిల్లలకు వర్తించదు. ఒక్క ఆటకు ఇచ్చే కొద్దిపాటి డాలర్లైనా అనుమతి లేని ఉపాధి కిందికే వచ్చి, రేపు ఆ పిల్లల ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌కు చిక్కు తేగలదు. తోటి పిల్లలకు దొరికే అవకాశం ఒక కాగితం వల్ల తమకు దొరకకపోవడం పిల్లలను నిజంగా బాధపెడుతుంది. కారణాన్ని దాచకుండా వారికి చెప్పండి. డబ్బు వద్దని చెప్పి అదే పని ఉచితంగా చేయించడం కూడా క్షేమం కాదు, ఎందుకంటే మామూలుగా వేతనం ఉండే పనిని ఉచితంగా చేసినా ఉపాధిగానే చూసే అవకాశం ఉంది. రెఫరీలందరూ స్వచ్ఛందంగానే పనిచేసే లాభాపేక్ష లేని లీగు దొరికితే, ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఒకమాట అడిగి అక్కడ చేర్చవచ్చు. పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు ఈ అడ్డంకి లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు చివరి దశలో ఉండి సొంతంగా ఈఏడీ పొందినవారికీ లేదు.

ఇక శిక్షణ. దేశ సాకర్ సమాఖ్య యుఎస్ సాకర్ ఇచ్చే గ్రాస్‌రూట్స్ (ప్రాథమిక స్థాయి) రెఫరీ గుర్తింపుకు కనీసం 13 ఏళ్లు ఉండాలి. ఆన్‌లైన్ పాఠాలు పూర్తిచేసి, మైదానంలో జరిగే శిక్షణకు హాజరు కావాలి. గుర్తింపును ఏటా పునరుద్ధరించుకోవాలి. విజిల్, చేతి గడియారం, పసుపు, ఎరుపు కార్డులు, యూనిఫారం సమకూర్చుకుంటే చాలు.

వచ్చిన ప్రతి డాలరునూ, కొన్న ప్రతి వస్తువునూ ఒక పుస్తకంలో పిల్లల చేతే రాయించండి. స్వతంత్ర కాంట్రాక్టరుగా ఏడాదిలో ఖర్చులు పోగా 400 డాలర్లు, అంతకు మించి మిగిలితే, వయసుతో నిమిత్తం లేకుండా పన్ను రిటర్ను దాఖలు చేసి స్వయం ఉపాధి పన్ను కట్టవలసి ఉంటుంది.