సాయం లెక్కలు చదవడం – మూడో పాఠం: ఐరోపా కూటమి సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

గ్రాంటుకూ రుణానికీ, నిధుల కేటాయింపుకూ విడుదలకూ ఉన్న తేడాను గత రెండు పాఠాల్లో గుర్తించాం. ఈసారి ఒక ప్రాంతీయ కూటమి, అంటే ఐరోపా కూటమి (యూరోపియన్ యూనియన్), పేద దేశాలకు ప్రకటించే సాయాన్ని తీసుకొని, అది ఎవరి ఖజానా నుంచి, ఎవరి ఆమోదంతో బయలుదేరిందో పట్టుకుందాం. మొత్తం ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

ఈ కూటమికి పునాది వేసిన 1957 నాటి రోమ్ ఒప్పందానికి జతచేసిన పట్టికలతో మొదలుపెడదాం. సభ్య దేశాల వలస ప్రాంతాలకు సాయపడే యూరోపియన్ అభివృద్ధి నిధికి ఆరు సభ్య దేశాలు అయిదేళ్లకు 58.125 కోట్ల యూనిట్లు (కూటమి అప్పట్లో లెక్కకు వాడిన ప్రమాణం) ఇవ్వాలని అందులో నిర్ణయించారు. ఇచ్చేవారి పట్టికలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ చెరి 20 కోట్లు, బెల్జియం, నెదర్లాండ్స్ చెరి 7 కోట్లు, ఇటలీ 4 కోట్లు, లక్సెంబర్గ్ 12.5 లక్షలు. ఇప్పుడు పుచ్చుకునేవారి పట్టిక చూడండి: 51.125 కోట్లు, అంటే దాదాపు 88 శాతం, ఫ్రాన్స్‌తో సంబంధమున్న ప్రాంతాలకే దక్కాయి. వలస పాలన బరువును సభ్యులందరి మీదా పంచిన ఏర్పాటు ఇది. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ సంగతి బయటపడదు. అందుకే ఏ కూటమి సాయాన్ని పరిశీలించినా ఈ రెండూ సంపాదించుకోవాలి.

ఈ నిధి 2020 దాకా కూటమి సాధారణ బడ్జెట్‌కు వెలుపలే ఉంది. సభ్య దేశాలు బడ్జెట్ చందాతో నిమిత్తం లేకుండా, విడిగా బేరమాడుకున్న వాటాల ప్రకారం చెల్లించేవి. కొన్నేళ్లకొక విడతగా సాగిన ఈ నిధికి విడతల వారీగా వరుస సంఖ్యలున్నాయి. తొమ్మిదో నిధిలో జర్మనీ వాటా 23.36 శాతం కాగా, అంతకన్నా చిన్న ఆర్థిక వ్యవస్థ అయిన ఫ్రాన్స్ వాటా 24.3 శాతం. ఆఫ్రికాతో పాత బంధం ఆ అంకెలో కనిపిస్తుంది. 2014–20 మధ్య నడిచిన పదకొండో నిధి మొత్తం 3,050.6 కోట్ల యూరోలు. అందులో జర్మనీ వాటా 20.58 శాతం. గుణించి చూడండి, సుమారు 628 కోట్ల యూరోలు రావాలి. యూరోపియన్ పార్లమెంటుకు మాత్రం ఈ సొమ్మును మంజూరు చేసే అధికారం ఉండేది కాదు. ఖర్చయిన తరువాత లెక్కలను ఆమోదించడం వరకే దాని పాత్రగా ఉండేది. ఇంత పెద్ద మొత్తం యూరోపియన్ పార్లమెంటు మంజూరు లేకుండా అరవయ్యేళ్లు నడవడం నా దృష్టిలో గట్టి లోపం. 2021లో దీన్ని సాధారణ బడ్జెట్‌లో కలిపి, 2027 వరకు 7,950 కోట్ల యూరోలతో ‘గ్లోబల్ యూరప్’ అనే ఒకే పద్దు కిందికి తెచ్చారు.

చదువరి ఎక్కువగా పొరబడేది హామీల దగ్గర. ఇతర దేశాల్లో మౌలిక సదుపాయాలకు పెట్టుబడులు సమకూర్చేందుకు 2021 డిసెంబరులో కూటమి ప్రకటించిన ‘గ్లోబల్ గేట్‌వే’ పథకానికి 30,000 కోట్ల యూరోల వరకు అన్నారు. దాన్ని విడదీస్తే, బడ్జెట్ హామీల అండతో రాగలవని ఆశించిన పెట్టుబడులు 13,500 కోట్ల వరకు. ఐరోపా అభివృద్ధి బ్యాంకులు, ఆర్థిక సంస్థలు పెట్టదలచినవి 14,500 కోట్లు. కూటమి బడ్జెట్ నుంచి గ్రాంటుగా వచ్చేది 1,800 కోట్ల వరకు. హామీ అంటే పేద దేశం చేతికి అందే డబ్బు కాదు. అక్కడి విద్యుత్ ప్రాజెక్టుకు బ్యాంకు అప్పిచ్చి నష్టపోతే అందులో కొంత భరిస్తామని కూటమి పూచీ పడుతుంది. ఆ పూచీకి గాను మొత్తంలో కొంత శాతాన్ని మాత్రమే ముందుగా పక్కన పెడుతుంది. హామీల వల్ల మేలు లేదని కాదు, ఎవరూ ముట్టని చోటికి అప్పు కదలాలంటే అవి కావాలి. అయితే తీర్చవలసిన అప్పునూ, తిరిగి అడగని గ్రాంటునూ ఒకే అంకెలో కలిపితే ఆ దేశపు ఆర్థిక మంత్రికి గానీ పౌరుడికి గానీ ఉపయోగపడే లెక్క మిగలదు.

అభ్యాసం: ‘గ్లోబల్ యూరప్’ పద్దులో సహారా దిగువ ఆఫ్రికాకు కనీసం 2,918 కోట్ల యూరోలు కేటాయించారు. మొత్తంలో అది ఎంత శాతమో, ఏడేళ్లకు సగటున ఏటా ఎంతో కట్టండి. పదకొండో నిధిలో ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలకు కలిపి 2,908.9 కోట్లు ఉండేవి. ఈ రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదనడానికి రెండు కారణాలు రాసి ఉంచండి. వచ్చే పాఠాన్ని వాటితోనే మొదలుపెడతాం.