నాణేల గ్రూపులో ‘బుక్’ అనే ముందు

హన్మకొండలో నాది జిరాక్స్ షాపు. పగలంతా ఆధార్ కార్డులు, హాల్ టికెట్లు, రాత్రి తొమ్మిది దాటాక నాణేలు. పదమూడేళ్లుగా నిజాం కాలం నాణేలు పోగేస్తున్నాను. మా వాట్సాప్ గ్రూపులో 380 మంది ఉన్నారు, నేనూ ఒక అడ్మిన్‌ని. అందరికీ జాగ్రత్తలు చెప్పే నేనే ఒక చార్మినార్ రూపాయి కోసం 4,500 పోగొట్టుకున్నాను. ముందు ఆ కథ చెప్పేస్తాను, జాగ్రత్తలన్నీ దాన్నుంచి పుట్టినవే.

మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైర్డ్ లెక్చరర్. ఆయన నాణెం పెడితే ఎవరూ మారు మాట్లాడరు. ఒక రాత్రి పది గంటల ఇరవై నిమిషాలకు ఆయన నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి చార్మినార్ రూపాయి. ఈ రూపాయిల్లో చార్మినార్ ద్వారం లోపల పాలకుడి పేరులో మొదటి అక్షరం ఉర్దూ లిపిలో ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్‌దైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ‘ఐన్’. మొదట్లో వేసిన వాటిలో ఆ ఐన్ సగమే పడింది. ఆ సగం ఐన్ నా దగ్గర లేదు. ఫొటోలో ఉన్నది అదే. గ్రూపుల్లో పద్ధతి తెలుసు కదా, ముందు ‘బుక్’ అన్నవాడిదే నాణెం. వెంటనే ‘బుక్’ అని కొట్టేశాను.

డబ్బు పంపబోతే ఫోన్‌లో ఎవరిదో ముక్కూమొహం తెలియని పేరు కనిపించింది. “సార్, పేరు వేరే వస్తోంది” అని మెసేజ్ పెట్టాను. “మా అల్లుడి అకౌంట్, నాది ఇవాళ లిమిట్ అయిపోయింది” అని జవాబు. నమ్మాను. అసలు సంగతేమిటంటే నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. “అన్నా, నిన్న సాయంత్రం నుంచి నాన్న వాట్సాప్ పనిచేయట్లేదు, గ్రూపులో చెప్పండి.” అప్పటికే నాతో కలిపి ఐదుగురం పంపేశాం.

ఆ సాయంత్రం ఆయనకు ఇంకో మెంబరు నంబరు నుంచి మెసేజ్ వచ్చిందట. “సార్, మిమ్మల్ని వేలం గ్రూపులో చేరుస్తున్నాను, ఆరంకెల కోడ్ వచ్చుంటుంది, పంపండి” అని. ఆ మెంబరు వాట్సాప్ అంతకుముందు రోజే పోయింది. పెద్దాయన పంపిన ఆ ఆరంకెలు వాట్సాప్‌ను కొత్త ఫోన్‌లో మొదలుపెట్టే కోడ్. దొంగ తన ఫోన్‌లో ఆయన నంబరు కొట్టి, కోడ్ వేసుకుని, ఆయన పేరుతో ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై ఏళ్లలో సంపాదించుకున్న పేరును ఒక్క రాత్రికి అద్దెకు తీసుకున్నట్టు వాడుకున్నాడు.

ముందు వాట్సాప్‌కు తాళం

సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్. అది ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి, మరిచిపోతే పనికొస్తుంది కాబట్టి ఈమెయిల్ కూడా ఇవ్వండి. ఇక ఎవరైనా మాయమాటలు చెప్పి మీ ఎస్ఎంఎస్ కోడ్ లాగినా ఈ పిన్ లేకుండా లోపలికి రాలేరు. పిన్ పుట్టినరోజు కాకూడదు, గ్రూపులో అందరం కేకు బొమ్మలు పెట్టి మీ పుట్టినరోజు ఊరంతా చాటాం కదా.

తరవాత లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఉంటే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. ఈ మాట జిరాక్స్ షాపువాడిగా ఒట్టేసి చెబుతున్నాను. ప్రింట్ కోసం నా కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరుస్తారు, కాగితాలు తీసుకుని పది రూపాయలిచ్చి వెళ్లిపోతారు. షాపు మూసేటప్పుడు చూస్తే రోజూ ఇద్దరి ముగ్గురివి తెరిచే ఉంటాయి. ఒకసారి ఒకావిడ జీమెయిల్‌తో పాటు పాస్‌వర్డ్‌ను కూడా బ్రౌజర్‌లో సేవ్ చేసి వెళ్లింది. నేను అన్నీ మూసేస్తాను. మీ ఊళ్లో షాపువాడు మూస్తాడో లేదో మీకే తెలియాలి.

‘హాష్’, ‘స్టార్’ గుర్తులతో ఏదో నంబరు డయల్ చేయమని ఎవరైనా చెబితే చేయకండి. కొరియర్ అని, నెట్‌వర్క్ సరిచేస్తామని అంటారు. అది మీ కాల్స్‌ను వాళ్ల నంబరుకు మళ్లించే ఆదేశం. వాట్సాప్ కోడ్ ఫోన్ కాల్‌గా కూడా వస్తుంది కాబట్టి, కాల్ మళ్లితే కోడ్ కూడా మళ్లినట్టే. ఇప్పటికే చేసి ఉంటే ##002# డయల్ చేయండి, ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది.

కొనే ముందు

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటున్నారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

అమ్మేది ఎంత తెలిసినవాళ్లయినా సరే, మామూలు ఫోన్ కాల్ చేయండి. వాట్సాప్ కాల్ వద్దు, అది ఎత్తేది దొంగే. ఆ రాత్రి నేను మామూలు కాల్ ఒక్కటి చేసి ఉంటే పెద్దాయన నిద్రలోంచి లేచి “ఏ రూపాయి?” అనేవారు. అంతటితో అయిపోయేది. పొద్దుపోయింది, పెద్దవాళ్లను లేపడం ఎందుకని మొహమాటపడ్డాను. దొంగ ఆ టైమ్ ఎంచుకున్నదే అందుకు.

రెండోది ఫొటో. దొంగ దగ్గర నాణెం ఉండదు, ఎక్కడో వేలం సైట్ నుంచి తెచ్చిన బొమ్మ ఉంటుంది. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటో వేసి చూడండి, చాలాసార్లు అసలు చోటు బయటపడుతుంది. బయటపడకపోతే ఇలా అడగండి. ఒక చీటీ మీద మీరు చెప్పిన మాట రాసి, దాని మీద నాణెం పెట్టి కొత్త ఫొటో తీయమనండి. తేదీ సరిపోదు, తేదీని ఎడిట్ చేసి అతికించిన ఫొటో మాకు ఒకటి వచ్చింది. మాట మీరు అప్పటికప్పుడు ఎంచుకోండి. ‘బచ్చలికూర’ అనండి. నాణెం కాగితం మీద ఉన్నప్పుడు పడే చిన్న నీడ, అంచు దగ్గర వెలుగు, ఇవి అతికించిన బొమ్మలో సరిగా రావు.

మూడోది తూకం. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, అరిగితే కాస్త తగ్గుతుంది. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66. చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి పది సెకన్ల వీడియో తీయమనండి. నాణెం చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. లేనివాడు మాత్రం “నమ్మకం లేదా అన్నా? ఇంకో ముగ్గురు అడుగుతున్నారు” అంటాడు. ఆ మాట వినగానే నేను ఇప్పుడు బయటికొచ్చేస్తాను. నిజంగానే మంచి నాణెం చేజారిన సందర్భాలు కూడా ఒకటి రెండు ఉన్నాయి, పోనీ.

డబ్బు పంపేటప్పుడు తెర మీద బ్యాంకులో ఉన్న పేరు వస్తుంది. అది అమ్మేవాళ్ల పేరు కాకపోతే ఆపేయండి. అల్లుడైనా, బావమరిదైనా ముందు మామూలు కాల్‌లో ఆయన గొంతుతో చెప్పాలి.

మీరు అమ్మేటప్పుడు ఇంకో రకం మోసం ఉంది. “మీకు డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ దగ్గర నుంచి వెళుతున్నట్టే. 2025 అక్టోబర్ 1 నుంచి మనుషుల మధ్య ‘కలెక్ట్ రిక్వెస్ట్’ను, అంటే డబ్బు పంపమని యాప్‌లోనే అడిగే పద్ధతిని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది కానీ, క్యూఆర్ ఆట ఆడేవాళ్లు ఇంకా ఉన్నారు.

కేటలాగ్‌లు, పార్సిళ్లు

‘వేలం కేటలాగ్’ అని గ్రూపులో ఫైల్ పడితే దాని పేరు చివర చూడండి. పీడీఎఫ్ అయితే చదువుకునేది. ఏపీకే అని ఉంటే అది ఫోన్‌లో ఎక్కి కూర్చునే యాప్. అలాంటి దొంగ యాప్ మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలు బయటికి పంపగలదు. నాణేల బొమ్మలు చూడటానికి యాప్ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. పొరపాటున చేసుంటే వెంటనే వైఫై, డేటా ఆపేసి, ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. ఆ తరవాత యాప్ తీసేసి, ముఖ్యమైనవి భద్రం చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

మనకు ఎప్పుడూ ఏదో ఒక పార్సిల్ దారిలో ఉంటుంది. అందుకే “చిరునామా సరిగా లేదు, 25 రూపాయలు కట్టండి” అనే లింకుకు మనం తొందరగా పడిపోతాం. స్పీడ్ పోస్ట్ నంబరులో రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉంటాయి. ఆ నంబరును మీరే ఇండియా పోస్ట్ సైట్‌లో కొట్టి చూసుకోండి. వచ్చిన లింకు నొక్కకండి.

ఈమెయిల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫేస్‌బుక్, వేలం సైట్ల పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకునేది ఈమెయిల్ ద్వారానే కాబట్టి అది పోతే అన్నీ పోయినట్టే. దానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలి. నాలుగు సంబంధం లేని తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి, చింతచిగురు-గొడుగు-పదిహేడు-బర్రె లాగా. ఇది మాత్రం వాడకండి, మీది మీరు కట్టుకోండి. టూ-స్టెప్ ఆన్ చేస్తే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. నావి ప్రింట్ తీసి నాణేల ఆల్బమ్ చివరి జేబులో పెట్టుకున్నాను. ఇల్లంతా వెతికినా ఆల్బమ్‌లో చూడాలని ఎవరికీ తట్టదు, మా ఆవిడకు తప్ప.

మన దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు

నెలకు ఒక్కరైనా షాపుకొచ్చి ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు చూపించి “దీనికి రెండు లక్షలట కదా” అంటారు. లేదా వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణెం. అవి నాణేలు, నోట్లు పోగేసేవాళ్ల దగ్గర కుప్పలుగా ఉన్నాయి. కొంటామన్నవాడు ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటాడు, తరవాత జీఎస్టీ, తరవాత రిజర్వ్ బ్యాంక్ అనుమతి అంటాడు. ఒక్కొక్కటీ కట్టించుకుంటాడు. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లలో తాము లేమని, ఎవరి దగ్గరా కమీషన్ గానీ చార్జీలు గానీ అడగమని 2021 ఆగస్టు 4న రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. దాని ప్రింట్ కౌంటర్ మీద అద్దం కింద పెట్టాను. వేలితో చూపిస్తే చాలామంది నమ్ముతారు. కొందరు నేనే చవగ్గా కొట్టేయాలని చూస్తున్నానని అనుమానంగా నోటు మడిచి జేబులో పెట్టుకుని వెళతారు.

పోయాక

సిగ్గుపడుతూ కూర్చుంటే డబ్బు చేతులు మారిపోతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు నంబరు), పంపిన టైమ్, అవతలి యూపీఐ ఐడీ చేతిలో ఉంచుకోండి. మా ఐదుగురిలో ఒక కుర్రాడికి ఆ రాత్రే అనుమానమొచ్చి పదకొండింటికల్లా 1930కి చేశాడు. అతని డబ్బు అవతలి ఖాతాలో ఆగింది, కొన్ని నెలలకు తిరిగొచ్చింది. నేను మర్నాడు మధ్యాహ్నం చేశాను. అప్పటికి ఖాతా ఖాళీ.

వాట్సాప్ పోయినవాళ్లు కంగారుపడకుండా మళ్లీ తమ నంబరుతో రిజిస్టర్ చేసుకోవాలి. ఎస్ఎంఎస్ కోడ్ వేయగానే దొంగ బయటికి పోతాడు. వాడు ముందే పిన్ పెట్టి ఉంటే మీరు లోపలికి రావడానికి ఏడు రోజులు ఆగాలి. అయినా వాడు బయట ఉన్నట్టే లెక్క. ఆ లోపు ఇంట్లోవాళ్ల నంబర్ల నుంచి ప్రతి గ్రూపులోనూ మెసేజ్ పెట్టించండి. అడ్మిన్‌లు ఆ నంబరును వెంటనే తీసేయాలి. తీసేస్తే పెద్దవాళ్లు ఏమనుకుంటారో అని మేం పొద్దున పది దాకా ఆలోచించాం. ఆ మొహమాటానికి ఇంకో ఇద్దరు బలి కాబోయి తప్పించుకున్నారు.

ఇప్పుడు మా గ్రూపులో ‘బుక్’ అన్నాక అరగంట దాకా నాణెం వాళ్లదే, ఎవరూ అడ్డురారు. ఆ అరగంట ఫోన్ చేయడానికి. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి వస్తారు.

పెద్దాయన రెండు నెలలు గ్రూపులోకి రాలేదు. వచ్చాక మొదట పెట్టింది మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటి ఒక రూపాయి, ద్వారంలో ‘మీమ్’ ఉన్నది. ‘బుక్’ అని పెట్టి ఫోన్ చేశాను. ఆయన ఎత్తగానే “ఏం రాయమంటావో చెప్పు” అన్నారు. ‘సకినాలు’ అన్నాను. ఐదు నిమిషాల్లో ఫొటో వచ్చింది. బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలతో సకినాలు, దాని మీద రూపాయి, పక్కన కాటా మీద 11.14. కింద ఇంకో చిన్న గీత గీసి రాశారు: “చాలా, ఇంకేమైనా రాయాలా?”