సెమినరీకి మనిషిని పంపే ముందు సంఘం చేయాల్సిన పని

మా క్రైస్తవ సంఘం నుంచి ఇప్పటికి ముగ్గురిని సేవకు సెమినరీలో, అంటే పాస్టర్లను, సేవకులను తయారుచేసే కాలేజీలో, చదివించాం. మొదటివాడు ఏడాదిన్నరకే పెట్టె సర్దుకుని వచ్చేశాడు. తప్పు వాడిది కాదు, మాది. పాటలు బాగా పాడతాడు, ఇంటర్ తప్పాడు, వాళ్ల నాన్న మొక్కుకున్నాడు. ఈ మూడూ చూసి పంపేశాం. ఏ పనికీ రానివాడు పాస్టరు పనికి వస్తాడులే అనుకోవడం మన ఊళ్లలో మామూలే కదా. నేను స్త్రీల సమాజం కార్యదర్శిని, బడి పంతులమ్మగా రిటైరయ్యాను. మిగతా ఇద్దరి విషయంలో మేం నేర్చుకున్నది కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల చిన్న సంఘాలకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఏడాది పాటు ఊళ్లోనే చూడండి. మైకు ఇవ్వకండి, సండేస్కూలు అప్పగించండి. ఒంగోలు పెద్దాసుపత్రిలో మనవాళ్లెవరైనా ఉంటే రాత్రి తోడు పడుకోమనండి. కానుక డబ్బులు లెక్కపెట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టండి. ప్రార్థన ఎంత గట్టిగా చేస్తున్నాడన్నది కాదు, కానుక వేయలేని ముసలమ్మ ఇంటికి పిలవకుండా వెళ్తున్నాడా అన్నది చూడాలి. మా రెండోవాణ్ని మేం గుర్తుపట్టింది అక్కడే.

చదువు ఎందుకు, ఆత్మ నడిపిస్తే చాలదా అని ప్రతి సంఘంలో ఒకరు అడుగుతారు. వాళ్లకు నేను మన జిల్లా సంగతే చెబుతాను. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. (ఇప్పుడు వెల్లంపల్లి అంటే మావాళ్లకు పొగాకు వేలమే గుర్తొస్తుంది.) అందరూ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరు చెబుతారు. నీళ్లలోకి దిగి ముంచింది మాత్రం ఆరుగురు మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. దొర ఒక్కడు అంతమందిని ఏం చూసుకోగలడు? అంతకు ఆరేళ్ల ముందే, 1872లో, రామాపట్నంలో సెమినరీ పెట్టింది ఇలాంటి మనుషులు తయారవ్వాలనే. ముంచాక ఆ వేలమందికి వాక్యం నేర్పేదెవరు, పెళ్లి చేసేదెవరు, తగువు తీర్చేదెవరు?

ఏ సెమినరీ అన్నది పాస్టరుగారితో కూర్చుని తేల్చుకోండి. ఆరు నెలల్లో డాక్టరేట్ ఇస్తామనే చోటికి మాత్రం వద్దు. డిగ్రీ సెరంపూర్ సెనేట్ (మన దేశంలో చాలా సెమినరీలకు డిగ్రీలిచ్చే సంస్థ) ఇచ్చేదా అని మొదటే అడగండి. ఇంటర్ అయినవాళ్లకు బి.టిహెచ్., డిగ్రీ అయినవాళ్లకు బి.డి. అని వేదాంత డిగ్రీలు వేర్వేరు. ఆదివారాలు పిల్లల్ని ఏ సంఘాలకు పంపుతారో కూడా అడగండి. తరగతి గదిలోనే ఉంచేస్తే సమాధి కార్యక్రమం నడపడం ఎప్పటికి వస్తుంది?

కాగితాలు పెద్ద పనేం కాదు: బాప్తిస్మపు సర్టిఫికెట్, మార్కుల లిస్టులు, సంఘం సిఫారసు లేఖ. 2022లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపి, తర్వాత మళ్లీ ప్రకాశంలోకి తెచ్చారు కాబట్టి ఒక సర్టిఫికెట్లో ప్రకాశం, ఇంకోదాంట్లో నెల్లూరు అని ఉంటే కంగారు పడొద్దు. లేఖలో మాత్రం నిజం రాయండి. మా రెండోవాడికి కోపం ఎక్కువ. అదే రాశాం. అక్కడి అయ్యగారు ఆ లేఖ దాచుకుని వాణ్ని నాలుగేళ్లూ కనిపెట్టుకుని ఉన్నారు.

ఇక డబ్బు. అసలు టెన్షన్ ఇక్కడే. ఒక్క ధనవంతుడి మీద ఆధారపడకండి, రేపు ఆ పిల్లవాడు ఆయన మనిషి అవుతాడు. మేం పాత పద్ధతే పట్టుకున్నాం, గుప్పెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేయాలి. రోజుకు ఒక గుప్పెడంటే నెలకు కేజీన్నర దాకా వస్తుంది. మావి 32 ఇళ్లు, అందరూ వేయరు, అయినా నెలకు 35 కేజీలకు తగ్గదు. మొదటి ఆదివారం మందిరంలోనే తూకం వేసి, కావాల్సినవాళ్లకు కేజీ 45కి ఇచ్చేస్తాం. మెస్ ఖర్చులో కొంత అలా వెళ్తుంది. ఫీజుకు పొగాకు అమ్మకాల తర్వాత వచ్చే కానుక. ఒక ఏడు పొగాకు రేటు పడిపోతే కోడిపెట్టలు వేలం వేశాం, సిగ్గుపడలేదు.

సెలవులకు వస్తే వెంటనే ప్రసంగానికి నిలబెట్టొద్దు. రెండోవాడు మొదటి వేసవికి వచ్చి మాట మాటకీ గ్రీకు చెప్పాడు. కూడిక అయ్యాక మా చిన్నమ్మ, "నాయనా, ఆ మాటలు తీసేస్తే వాక్యం నిలబడదా?" అంది. వాడు మొహం ముడుచుకున్నాడు కానీ మళ్లీ చెప్పలేదు. సెలవుల్లో జాలర్లుండే పట్టపుపాలేనికో యానాదుల కాలనీకో పంపండి. బియ్యం సంచి చేతికిచ్చి ఫొటో తీసుకురావడానికి కాదు. నెల రోజులు వెళ్లి, వాళ్ల మాట విని రమ్మనండి. మిషన్ పని అక్కడ మొదలవుతుంది.

మూడో మనిషి ఆడపిల్ల. మన ప్రాంతంలో గడప దాటి ఇళ్లలోకి వాక్యం తీసుకెళ్లింది బైబిలు స్త్రీలే, కానీ జీతం దగ్గరికొచ్చేసరికి వాళ్లను మర్చిపోతాం. అందుకే ఆమె బస్సెక్కకముందే తిరిగొచ్చాక ఏ పని, నెలకు ఎంత అన్నది మినిట్స్ పుస్తకంలో రాసి పెద్దలందరితో సంతకాలు పెట్టించాను. ఒకాయన గొణిగాడు. పెట్టాడు.

మధ్యలో మానేసి వచ్చినవాణ్ని మాత్రం ఖర్చు లెక్క అడగకండి. మా మొదటివాడు ఇప్పుడు సింగరాయకొండలో ఆటో నడుపుతాడు. నడవలేనివాళ్లు కొన్న బియ్యం ఇళ్లకు చేర్చేది వాడే. కిరాయి ఇస్తే తీసుకోడు, డీజిలుకైనా తీసుకోరా అంటే, వచ్చే నెల చూద్దాంలే టీచరమ్మా అంటాడు.