కోనసీమ దారిలో నెట్ లేకపోయినా మెయిల్ పని ఆగకుండా ఎలా చూసుకోవాలి?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నది మధ్యలో ల్యాప్‌టాప్ తెరిచి "మెయిల్ ఓపెన్ అవట్లేదండీ" అనేవాళ్లను చూస్తే జాలి కంటే విసుగే ఎక్కువ వస్తుంది. అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. చేయాల్సిందంతా బయల్దేరే ముందు ఇంట్లో వైఫై ఉండగానే చేయాలి.

కావలసినవి తక్కువే. ఛార్జర్, డేటా మిగిలిన ఫోన్, ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్. థండర్‌బర్డ్ అంటే మెయిల్స్‌ను ల్యాప్‌టాప్‌లోకే దించి చూపించే ఉచిత ప్రోగ్రామ్. మౌస్ తీసుకెళ్లకండి, బస్సులో దాన్ని ఎక్కడ పెడతారు?

జీమెయిల్‌ను బ్రౌజర్‌లోనే ఆఫ్‌లైన్ చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు. 7, 30, 90 రోజుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. కానీ క్రోమ్‌లో కుకీలు, సైట్ డేటా తుడిచేస్తే దాచుకున్న మెయిల్స్ కూడా పోతాయి. ఇంట్లో పిల్లలు కూడా అదే ల్యాప్‌టాప్ వాడుతుంటే ఆ పని ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. అందుకే థండర్‌బర్డే.

ఖాతా పెట్టేటప్పుడు మెయిల్ తెచ్చుకునే పద్ధతి అడిగితే ఐమ్యాప్ ఎంచుకోండి, పాప్ వద్దు. ఐమ్యాప్‌లో సర్వర్‌లో, ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఒకేలా ఉంటుంది. పాప్‌లో "సర్వర్‌లో ఉంచు" అన్న టిక్ తీసేసి ఉంటే, ల్యాప్‌టాప్‌లోకి దిగిన మెయిల్ సర్వర్ నుంచి పోతుంది. ఇక ఫోన్‌లో ఎంత వెతికినా దొరకదు. మిగతా వివరాలన్నీ థండర్‌బర్డే నింపుకుంటుంది.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటికి వద్దాం.

ఇన్‌బాక్స్‌లో పేర్లు, సబ్జెక్టులు వరసగా కనబడగానే మెయిల్ అంతా దిగిపోయిందనుకుంటారు. దిగలేదు. ముందు వచ్చేవి పైవరసలు మాత్రమే. లోపలి మాటలు, అటాచ్‌మెంట్లు వెనకాల నిదానంగా వస్తాయి. ఈలోపు మూత వేసి బయల్దేరితే, దిండి చేరాక మెయిల్ మీద నొక్కినప్పుడు ఖాళీ కిటికీ కనిపిస్తుంది.

అందుకని ఖాతా సెట్టింగ్స్‌లో "సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్" తెరవండి. మెసేజ్‌లు ఈ కంప్యూటర్‌లో ఉంచాలన్న టిక్ ఉండాలి. అదే పేజీలో, ఫలానా సైజు దాటిన మెయిల్స్ దించవద్దు అనే గడి ఉంటుంది. దానికి టిక్ ఉంటే తీసేయండి. లేకపోతే మీకు కావాల్సిన పెద్ద పీడీఎఫ్‌లన్నీ దాని దగ్గరే ఆగిపోతాయి. జీమెయిల్ వాడేవాళ్లు ఫోల్డర్ల జాబితాలో "ఆల్ మెయిల్"కు టిక్ తీసేయండి. లేదంటే అవే మెయిల్స్ రెండోసారి దిగుతాయి.

తర్వాత కీబోర్డులో ఆల్ట్ నొక్కండి, దాగున్న మెనూ పైన కనిపిస్తుంది. ఫైల్, ఆఫ్‌లైన్, "డౌన్‌లోడ్/సింక్ నౌ". ఫోల్డర్లు ఎంచుకుని ఓకే అనండి. కింది పట్టీలో కదలిక ఆగేదాకా ముట్టుకోవద్దు. పాత మెయిల్స్ బాగా ఉంటే రాత్రి పెట్టి పడుకోండి.

ఆ తర్వాత పరీక్ష. దీన్ని మాత్రం ఎవరూ చేయరు. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. నాలుగు రోజుల కిందటి మెయిల్ ఒకటి, బాగా పెద్ద అటాచ్‌మెంట్ ఉన్నది ఒకటి తెరవండి. పీడీఎఫ్ చివరి పేజీ దాకా వచ్చిందా? అప్పుడే దిగినట్టు. గూగుల్ డ్రైవ్ లింకుగా వచ్చిన ఫైళ్లు ఎన్నిసార్లు సింక్ చేసినా రావు, మెయిల్‌లో ఉండేది లింకు మాత్రమే. వాటిని విడిగా దించి డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో వేసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. నెట్ లేదు కదా అని ఆఫ్‌లైన్‌లో మెయిల్స్ తెగ డిలీట్ చేయకండి. నెట్ తగలగానే ఐమ్యాప్ అవే డిలీట్లను సర్వర్ మీదా చేస్తుంది, ఫోన్‌లోనూ పోతాయి. దారిలో డిలీట్ అసలు చేయకూడదు, అంతే.

ఓటీపీ సంగతీ ఇంట్లోనే చూసుకోండి. లంకల్లో సిగ్నల్ లేకపోతే ఎస్సెమ్మెస్ రాదు. ఓటీపీ బదులు వాడుకోవడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.

ఇక దారిలో టెన్షన్ ఉండదు. నిడదవోలు నుంచి నరసాపురం రైల్లో కూర్చుని జవాబులు రాసుకోవచ్చు. పంటు మీద మాత్రం తెరవకండి, ఎండకి తెర కనబడదు. రాశాక కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే మెయిల్ అవుట్‌బాక్స్‌లో చేరుతుంది. ఫొటోలు తగ్గించి జోడించండి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ అంటారు గానీ, మెయిల్‌లో పెట్టేసరికి ఫైలు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. 18 దాటకుండా చూసుకోవడం మంచిది.

రాజోలులోనో పాలకొల్లులోనో సిగ్నల్ బాగా తగిలినప్పుడు హాట్‌స్పాట్ పెట్టండి. అంతకుముందే విండోస్‌లో ఆ కనెక్షన్‌ను "మీటర్డ్" (డేటా పొదుపుగా వాడాల్సినది) చేసి ఉంచాలి. లేకపోతే అప్‌డేట్లే డేటా అంతా తాగేస్తాయి. ముందు ఫైల్ మెనూలో "సెండ్ అన్‌సెంట్ మెసేజెస్" నొక్కి పంపాల్సినవి పంపండి, తర్వాతే కొత్తవి దించుకోండి. చాలామంది దీన్ని తిరగేస్తారు, దించడం పూర్తయ్యేలోపు బస్సు కదులుతుంది.

పంపేటప్పుడు "సెంట్" ఫోల్డర్‌లోకి కాపీ చేయలేకపోయానని ఎర్రర్ వస్తే కంగారు పడి మళ్లీ పంపకండి. మెయిల్ అప్పటికే వెళ్లిపోయింది, కాపీ దగ్గర ఆగింది. రీట్రై నొక్కండి చాలు. మళ్లీ పంపితే అవతలివాళ్లకు ఒకే కొటేషన్ రెండుసార్లు చేరుతుంది, ఏది అసలుదని వాళ్లు ఫోన్ చేస్తే మళ్లీ మీరే సిగ్నల్ వెతుక్కోవాలి.