కొంత దూరం నడిచి ఆగిపోయే పాత బండి: ముందుగా ట్యాంకు మూత చూడండి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత స్ప్లెండర్‌ను మళ్లీ రోడ్డెక్కించాక ఎక్కువమందికి ఎదురయ్యే సమస్య ఇది. ఉదయం ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది, ఎనిమిది పది కిలోమీటర్లు చక్కగా నడుస్తుంది, ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తిప్పినా లాగక, పెట్రోలు అయిపోయినట్టే నీరసించి ఆగిపోతుంది. పది నిమిషాలు నీడన నిలిపితే మళ్లీ స్టార్టవుతుంది. వెనుక లారీ వస్తున్న రహదారిపై ఇలా ఆగడం బ్రేకులు పట్టకపోవడమంత ప్రమాదకరం.

పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) తెరిచి ఉందా, స్పార్క్ ప్లగ్ కొనల మధ్య గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉందా, నెలల తరబడి నిలవున్న పెట్రోలును తీసేశారా అన్నవి మీరు చూసే ఉంటారు. వాటి తర్వాత దాదాపు అందరూ పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ విప్పుతారు. దయచేసి విప్పకండి.

అసలు కారణం

కార్బురేటర్ ఉన్న స్ప్లెండర్‌లో పెట్రోలు పంపు ఉండదు. ట్యాంకులోని పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగాలి. నూనె డబ్బాకు ఒకే రంధ్రం పొడిస్తే నూనె సరిగా దిగదని, గాలి కోసం రెండో రంధ్రం పొడవాలని ఇంట్లో అందరికీ తెలిసిందే. బండి ట్యాంకుకు ఆ రెండో రంధ్రం మూతలోనే ఉంటుంది. దుమ్ము, తుప్పు చేరి అది మూసుకుపోతే, పెట్రోలు ఖర్చయిన కొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, చివరకు కార్బురేటర్‌లోకి దిగే ధార ఆగిపోతుంది. బండి నిలిపినప్పుడు రబ్బరు వాషర్ సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి చేరుతుంది కనుక మళ్లీ స్టార్టవుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు లోపల గాలికి చోటు తక్కువ కాబట్టి బండి త్వరగా ఆగుతుంది, సగం ఖాళీగా ఉంటే ఇంకొంత దూరం నడుస్తుంది. షెడ్డులో కాసేపు నిలబెట్టి పరీక్షిస్తే అంత పెట్రోలు ఖర్చు కాదు కనుక లోపం దొరకదు.

ఒక బండికి నేను ప్లగ్ మార్చి, కార్బురేటర్ రెండుసార్లు కడిగి, చివరకు ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కూడా మార్చాను. బంకులో ఆగి బయలుదేరాక కొంతసేపు బాగానే నడుస్తోందని యజమాని మొదటి రోజే చెప్పారు; నేను పట్టించుకోలేదు. బాగు చేసింది కొత్త పెట్రోలు కాదు, బంకులో మూత తెరవడం. వానాకాలంలో నీళ్లు దిగకుండా ఎవరో ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసేశారు. ఆయన డబ్బు, మూడు వారాల కాలం నా తొందరపాటు వల్ల వృథా అయ్యాయి.

పరీక్ష, పరిష్కారం

బండి ఆగిన వెంటనే దాన్ని రోడ్డు పక్కకు చేర్చి, దగ్గరలో నిప్పు లేదని చూసుకుని, మూత తెరవండి. రంధ్రం మూసుకుపోయి ఉంటే గాలి లోపలికి లాగుకున్న చప్పుడు వినిపించవచ్చు. కొద్ది క్షణాలు ఆగి, మూత బిగించి కిక్ కొట్టండి. వెంటనే అందుకుని, దాదాపు అంతే దూరం నడిచి మళ్లీ ఆగితే లోపం మూతదే.

మూతను పెట్రోలులో నానబెట్టి, లోపలి రంధ్రంలో సన్నని తీగ మెల్లగా ఆడించి, పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. అయినా గాలి దారి తెరుచుకోకపోతే కంపెనీ మూత కొనండి. తాళం పోయినప్పుడు వేసిన చవక మూతల్లో కొన్నింటికి అసలు రంధ్రమే ఉండదు. మూతను పూర్తిగా కప్పేసే రెగ్జిన్ ట్యాంకు కవరును కూడా తీసేయండి.

మూత తెరిచినా ఫలితం లేకపోతే, దాన్ని బిగించి, కార్బురేటర్ అడుగున ఉన్న డ్రైన్ స్క్రూ కొద్దిగా వదులు చేయండి. పెట్రోలు రాకపోతే ముందుగా కాక్ జాలీలో (పెట్రోలును వడకట్టే వలలో) తుప్పు ఉందని అనుమానించాలి. తుప్పు ఉంటే ట్యాంకును దించి కడగాలి. జాలీ ఒక్కటే శుభ్రం చేస్తే కొన్నాళ్లకే మళ్లీ అదే పరిస్థితి. పెట్రోలు ధారగా వస్తుంటే స్క్రూ బిగించి, ఒలికినది తుడిచి, పూర్తిగా ఆరాక ప్లగ్‌లో స్పార్క్ చూడండి. వేడిమీద స్పార్క్ పోతుంటే ఇగ్నిషన్ కాయిల్‌నో, స్పార్క్ ఎప్పుడు పడాలో సంకేతమిచ్చే పల్సర్ కాయిల్‌నో అనుమానించవచ్చు. ట్యాపెట్లు (ఇంజన్ వాల్వుల దగ్గరి సందు సర్దే మరలు) మరీ బిగుతుగా ఉండటం, సైలెన్సర్ మూసుకుపోవడం అరుదు, చివరకు చూసుకోవచ్చు.

దూరం నడిపి చూసేముందు టైరు పక్క భాగంపై ఉన్న నాలుగంకెల తయారీ తేదీ చదవండి: 2318 అంటే 2018లో 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, పక్కలు పగిలిన టైరుతో రహదారి ఎక్కకండి.