పింగ్ వస్తోంది, డేటా రావట్లేదు: సీరియల్-ఈథర్‌నెట్ బాక్స్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

తూకం మెషిన్, ఎనర్జీ మీటర్, పీఎల్‌సీ (మెషిన్లను నడిపే కంట్రోలర్), బార్‌కోడ్ స్కానర్... వీటిలో చాలావాటికి ఇప్పటికీ ఉన్నది సీరియల్ పోర్టే, అంటే బిట్లను ఒకదాని వెనక ఒకటిగా పంపే పాత తరహా కనెక్షన్. కంప్యూటర్లలో మాత్రం ఆ పోర్టు దాదాపు కనుమరుగైంది. పైగా మెషిన్ ఒక చోట ఉంటుంది, కంప్యూటర్ ఇంకో చోట ఉంటుంది. అందుకని మధ్యలో సీరియల్ డివైస్ సర్వర్ అనే చిన్న బాక్స్ పెడతాం. ఒకవైపు సీరియల్ వైరు, రెండోవైపు నెట్‌వర్క్ కేబుల్. పనిచేసినంత కాలం అది అక్కడ ఉందన్న సంగతే గుర్తుండదు. ఆగిపోయిన రోజు మాత్రం తల పట్టుకుని కూర్చోవాలి. తప్పు మెషిన్‌లో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు, బాక్స్ సెట్టింగుల్లో, నెట్‌వర్క్‌లో, చివరికి ప్రోగ్రాంలోనూ ఉండొచ్చు.

ఇలాంటప్పుడు చాలామంది టెన్షన్‌లో ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేస్తారు. దాంతో అసలు తప్పుకి ఇంకో రెండు కొత్త తప్పులు తోడవుతాయి. తప్పు బాక్స్‌కి ఇటు నెట్‌వర్క్ వైపు ఉందా, అటు సీరియల్ వైపు ఉందా అన్నది తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి.

ఇది తేల్చడానికి లూప్‌బ్యాక్‌ని, అంటే బాక్స్ పంపినదాన్ని దానికే వెనక్కి తిప్పడాన్ని మించిన పరీక్ష లేదు. ఆర్‌ఎస్-232 (మామూలు సీరియల్ పోర్టు రకం) బాక్స్ అయితే మెషిన్ కేబుల్ ఊడదీసి, బాక్స్ మీది 9 పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులను చిన్న వైరు ముక్కతో కలపండి. పుట్టీ లాంటి టెర్మినల్‌ని రా మోడ్‌లో (బైట్లను మార్చకుండా పంపే పద్ధతిలో) పెట్టి, బాక్స్ ఐపీకి (నెట్‌వర్క్ అడ్రస్‌కి), దాని డేటా పోర్టు నంబర్‌కి కనెక్ట్ అయి, నాలుగు అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అవి వెనక్కి వస్తే నెట్‌వర్క్, బాక్స్, బాక్స్ సీరియల్ పోర్టు మూడూ బాగున్నట్టే. ఇక వెతకాల్సింది కేబుల్, మెషిన్, స్పీడ్ సెట్టింగులు. టెర్మినల్‌లో లోకల్ ఎకో ముందే ఆఫ్ చేయండి. లేకపోతే మనం టైప్ చేసినవే తెర మీద చూసి, వెనక్కి వచ్చాయని పొరబడతాం. వైరు ముక్క తీసేసి మళ్ళీ టైప్ చేయండి. ఇప్పుడు ఏమీ రాకూడదు.

బాక్స్ నెట్‌వర్క్‌లో అసలు కనబడట్లేదు

ముందు లింక్ లైట్ చూడండి. వెలగకపోతే కేబుల్ మార్చండి, నెట్‌వర్క్ స్విచ్‌లో ఇంకో పోర్టుకి పెట్టి చూడండి. పాత బాక్సులు కొన్ని 10 ఎంబీపీఎస్ మాత్రమే మాట్లాడతాయి. కొత్త స్విచ్‌లలో కొన్ని పోర్టులు ఆ వేగానికి దిగవు. ఇంకో సంగతి: చాలా బాక్సుల్లో సీరియల్ పోర్టు కూడా ఆర్‌జే45 ఆకారంలోనే ఉంటుంది. నెట్‌వర్క్ కేబుల్ దాంట్లో గుచ్చి లైట్ కోసం ఎదురుచూడటం ఎవరికైనా జరిగేదే. పక్కన ముద్రించిన పేరు చదివి పెట్టండి.

లైట్ వెలుగుతున్నా పింగ్‌కి (ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పంపే పలకరింపుకి) జవాబు రాకపోతే ఐపీ సంగతి చూడాలి. కొత్త బాక్స్‌కి ఫ్యాక్టరీ ఐపీ ఏదో ఉంటుంది, మీ నెట్‌వర్క్ ఇంకో సబ్‌నెట్‌లో (ఐపీల గుంపులో) ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని నేరుగా బాక్స్‌కి కలిపి, దానికి ఆ సబ్‌నెట్ ఐపీ ఇచ్చి లోపలికి వెళ్ళండి. బాక్స్ ఐపీ 169.254తో మొదలైతే ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ దొరక్క, తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం.

పింగ్ ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే, అదే ఐపీ ఇంకెవరికైనా ఉందేమో అనుమానించండి. బాక్స్ నెట్‌వర్క్ కేబుల్ పీకేసి పింగ్ కొట్టండి. జవాబు ఇంకా వస్తోందంటే ఆ జవాబిస్తున్నది మీ బాక్స్ కాదు.

పింగ్ వస్తుంది, కనెక్షన్ మాత్రం దొరకదు

పింగ్‌కి జవాబు వచ్చిందంటే బాక్స్‌కి కరెంటు ఉంది, ఐపీ ఉంది, దాని దాకా దారి ఉంది. అంతవరకే. సీరియల్ వైపు ఏం జరుగుతోందో పింగ్ చెప్పదు.

ఇక్కడ ఎర్రర్ మెసేజ్‌ని శ్రద్ధగా చదవాలి. కనెక్షన్ వెంటనే తిరస్కరించారని వస్తే బాక్స్ దాకా చేరారు, కానీ ఆ పోర్టు నంబర్ మీద వినేవాళ్ళు లేరు. పోర్టు నంబర్ తప్పయినా కావచ్చు, బాక్స్ టీసీపీ సర్వర్ మోడ్‌లో, అంటే కనెక్షన్ కోసం ఎదురుచూసే మోడ్‌లో, లేకపోయినా కావచ్చు. మోక్సా కంపెనీ బాక్సుల్లో మొదటి సీరియల్ పోర్టుకి మామూలుగా 4001, ల్యాంట్రానిక్స్ వాటిలో 10001 ఉంటుంది. క్లయింట్ మోడ్‌లో ఉన్న బాక్స్ తానే ఎవరికో ఫోన్ చేస్తూ ఉంటుంది, మన ఫోన్ ఎత్తదు. అలా కాకుండా చాలాసేపు ఆగి టైమ్‌అవుట్ అయిందంటే మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడిందేమో చూడాలి.

ఇంకో కారణం ఉంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది అదే. చాలా బాక్సులు ఒక్కో సీరియల్ పోర్టుకి ఒక్క కనెక్షన్‌నే ఒప్పుకుంటాయి. ఓసారి సాయంత్రం ల్యాప్‌టాప్ నుంచి ఒక మీటర్‌కి కనెక్ట్ అయి, చూసుకుని, టెర్మినల్ మూయకుండానే మూత మూసి ఇంటికెళ్ళిపోయాను. రాత్రి, మీటర్ డేటా తీసుకునే సర్వర్ కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. తెల్లారేసరికి మీటర్ డేటా లేదు. సర్వర్ ఎన్నిసార్లు ప్రయత్నించినా బాక్స్ ఒప్పుకోలేదు. దాని స్టేటస్ పేజీ తెరిస్తే, కనెక్ట్ అయి ఉన్నది నా ల్యాప్‌టాప్ ఐపీ! ల్యాప్‌టాప్ వీడ్కోలు చెప్పకుండా నిద్రపోయింది, బాక్స్ మాత్రం ఆ లైను పట్టుకునే కూర్చుంది. పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగైంది. కానీ అది పరిష్కారం కాదు, మళ్ళీ అదే జరుగుతుంది.

అసలు పరిష్కారం టీసీపీ కీప్‌అలైవ్. అవతలి మనిషి ఉన్నాడా అని బాక్స్ అప్పుడప్పుడు తట్టి చూసే ఏర్పాటు ఇది. బాక్స్ సెట్టింగుల్లో దీన్ని ఆన్ చేసి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి పెట్టండి. కంప్యూటర్ వైపు కూడా పట్టించుకోవాలి. విండోస్‌లో, లినక్స్‌లో మామూలుగా ఈ వ్యవధి 2 గంటలు. పైగా ప్రోగ్రాం అడిగితేనే అది మొదలవుతుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే కదలిక లేని కనెక్షన్‌ని అంతకంటే ముందే తెంచేయొచ్చు. కొన్ని బాక్సుల్లో ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని ఇంతసేపటికి మూసెయ్ అనే సెట్టింగ్ కూడా ఉంటుంది. గంటకోసారి మాత్రమే డేటా పంపే మెషిన్‌కి ఆ విలువ 5 నిమిషాలు పెడితే చేతులారా కొత్త సమస్య తెచ్చుకున్నట్టే.

కనెక్ట్ అయింది, ఒక్క బైట్ కూడా రాదు

మొదట అడగాల్సిన ప్రశ్న: ఆ మెషిన్ తనంతట తానే మాట్లాడుతుందా, అడిగితేనే చెబుతుందా? అడిగితేనే చెప్పే మెషిన్ ముందు గంటసేపు కూర్చున్నా ఏమీ రాదు. మాన్యువల్లో కమాండ్ చూసి పంపండి.

మెషిన్ మాట్లాడేదే అయితే వైరింగ్ చూడాలి. దీనికి మల్టీమీటర్ చాలు. మెషిన్‌ని ఆన్ చేసి, కేబుల్ ఏదీ పెట్టకుండా, దాని కనెక్టర్‌లో 5వ పిన్ను అంటే గ్రౌండ్‌కి నల్ల ప్రోబ్ పెట్టండి. ఎర్ర ప్రోబ్‌తో 2వ పిన్నునీ 3వ పిన్నునీ చూడండి. ఆర్‌ఎస్-232లో ఖాళీగా ఉన్న ట్రాన్స్‌మిట్ లైను మైనస్ వోల్టేజ్‌లో ఉంటుంది, సాధారణంగా మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య. ఆ మైనస్ కనబడిన పిన్నే మెషిన్ మాట్లాడే పిన్ను. రెండోది సున్నా దగ్గర్లో ఉంటుంది. ఇప్పుడు బాక్స్‌నీ ఇలాగే కొలవండి. రెండిట్లోనూ మైనస్ ఒకే నంబర్ పిన్ను మీద ఉంటే, మామూలు కేబుల్‌తో ఇద్దరూ ఒకే వైరు మీద మాట్లాడుతూ, ఇద్దరూ ఖాళీ వైరు మీద వింటున్నట్టు. క్రాస్ కేబుల్, అంటే నల్ మోడెం కేబుల్ కావాలి. వేర్వేరు పిన్నుల మీద ఉంటే మామూలు కేబులే సరిపోతుంది. రెండు నిమిషాల పని, కేబుళ్ళు మార్చి మార్చి చూసే బాధ తప్పుతుంది. ఏ పిన్ను మీదా మైనస్ రాకపోతే ఆ పోర్టు కాలిపోయి ఉండొచ్చు, లేదా అది అసలు ఆర్‌ఎస్-232 కాకపోవచ్చు. బాక్స్ ఆర్‌ఎస్-232, 422, 485 అనే మూడు రకాలకీ పనిచేసేదైతే సరైన దాంట్లో పెట్టారో లేదో చూడండి.

వైరింగ్ బాగున్నా మౌనమే అయితే ఫ్లో కంట్రోల్, అంటే ఎప్పుడు పంపాలో ఎప్పుడు ఆగాలో చెప్పే ఏర్పాటు చూడండి. బాక్స్‌లో ఆర్‌టీఎస్/సీటీఎస్ ఆన్‌లో ఉండి, కేబుల్‌లో 3 వైర్లే ఉంటే, పంపమనే సైగ కోసం బాక్స్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

పిచ్చి అక్షరాలు వస్తున్నాయి

డేటా వస్తోందంటే వైరు బాగుందన్నమాట. ఇద్దరి వేగం కలవలేదు, లేదా బైట్ కొలత కలవలేదు. మొత్తం చెత్తగా ఉంటే బాడ్ రేట్ (సీరియల్ వేగం) తప్పు. కొన్ని అక్షరాలు సరిగ్గా, కొన్ని తప్పుగా వస్తే మాత్రం పారిటీని (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్‌ని) అనుమానించాలి. నాకు బాగా ఉపయోగపడిన గుర్తు ఒకటి చెబుతాను. మెషిన్ 7 డేటా బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతోంది, బాక్స్ 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతోంది అనుకోండి. అప్పుడు అంకెల్లో 0, 3, 5, 6, 9 సరిగ్గానే వస్తాయి. 1, 2, 4, 7, 8 చెడిపోతాయి. ఎందుకంటే 1 అనే అక్షరం కోడ్ 49, దానిలో మూడు ఒకట్లు ఉన్నాయి. వాటిని సరి సంఖ్య చేయడానికి పారిటీ బిట్ నాలుగో ఒకటిగా చేరుతుంది, దాన్ని బాక్స్ ఎనిమిదో డేటా బిట్ అనుకుని 177గా చదువుతుంది. 3లో నాలుగు ఒకట్లు ముందే ఉన్నాయి కాబట్టి దానికేమీ కాదు. తెర మీద 0, 3, 5, 6, 9 మాత్రమే బతికి బయటపడుతుంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

ఈ సెట్టింగ్ ఎక్కడ మార్చాలో కూడా చాలామందికి తికమకే. రా టీసీపీ కనెక్షన్ అయితే బాక్స్ వెబ్ పేజీలో పెట్టిందే లెక్క, ప్రోగ్రాంలో బాడ్ రేట్ ఏం పెట్టినా వైరు మీద మార్పుండదు. బాక్స్‌ని కంప్యూటర్‌లోని సీరియల్ పోర్టులా చూపించే వర్చువల్ కామ్ పోర్టు డ్రైవర్ వాడుతుంటే, లేదా 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2217 పద్ధతిలో కనెక్ట్ అయితే, ప్రోగ్రాం అడిగిన బాడ్ రేట్‌కే బాక్స్ మారుతుంది. అప్పుడు వెబ్ పేజీలో ఎంత మార్చినా ప్రోగ్రాం తెరవగానే అది పక్కకి పోతుంది.

ఆర్‌ఎస్-485 లైను ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు

ఆర్‌ఎస్-485 అంటే చాలా మెషిన్లు ఒకే జత వైర్లను పంచుకునే లైను. మొదట ఆ జతలోని ఏ, బీ వైర్లు తారుమారు చేసి చూడండి. ఏది ప్లస్, ఏది మైనస్ అన్నదాంట్లో తయారీదారులంతా ఒక మాట మీద లేరు. మార్చి చూస్తే ఏమీ పాడవదు. తర్వాత లైను మొత్తానికి కరెంటు ఆపి, ఆ రెండు వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. రెండు చివర్లా 120 ఓమ్స్ టెర్మినేషన్ (చివర పెట్టే రెసిస్టర్) ఉంటే సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర లేదు. 40 వస్తే మధ్యలో ఎవరో మూడోది ఆన్ చేశారు. పొడవైన లైన్లలో ఎక్కువ గోల ఇక్కడే ఉంటుంది. లైను నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెండు వైర్ల మధ్య 200 మిల్లీవోల్టుల పైన తేడా లేకపోతే, ఆ తేడాని నిలబెట్టే బయాస్ రెసిస్టర్లు కావాలి. అవి లేకపోతే మెసేజ్ మొదట్లో దొంగ బైట్లు చేరతాయి.

మోడ్‌బస్ మెషిన్ జవాబివ్వదు

మోడ్‌బస్ అంటే మీటర్లు, పీఎల్‌సీలు మాట్లాడే ఒక భాష. ఆర్‌టీయూ (సీరియల్ వైరు మీది రూపం), టీసీపీ (నెట్‌వర్క్ మీది రూపం) రెండూ మోడ్‌బస్సే, కానీ ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. ఆర్‌టీయూలో రెండు రిజిస్టర్లు (మెషిన్ విలువలు ఉంచే గదులు) అడిగే మెసేజ్ 01 03 00 00 00 02, చివర రెండు బైట్ల సీఆర్‌సీ (తప్పు పట్టే లెక్క). అదే మోడ్‌బస్ టీసీపీలో 00 01 00 00 00 06 01 03 00 00 00 02, సీఆర్‌సీ ఉండదు. మామూలు బాక్స్ వచ్చిన బైట్లను ఉన్నవి ఉన్నట్టు వైరు మీదికి తోస్తుంది. ప్రోగ్రాం మోడ్‌బస్ టీసీపీ పంపితే పాపం మీటర్‌కి ఏమీ అర్థం కాదు. బాక్స్‌లో ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే మోడ్‌బస్ గేట్‌వే మోడ్ ఉంటే ఆన్ చేసి 502 పోర్టుకి వెళ్ళండి. లేదంటే ప్రోగ్రాంలో ఆర్‌టీయూ ఓవర్ టీసీపీ ఎంచుకోండి.

మెసేజ్ ముక్కలై వస్తోంది

మెషిన్ 12.50 అని పంపింది. ప్రోగ్రాం ఒకసారి 12 అనీ, వెంటనే 50 అనీ రెండు తూకాలు రాసుకుంది. 9600 బాడ్‌లో ఒక్కో అక్షరానికి దాదాపు 1 మిల్లీసెకండ్ పడుతుంది, బాక్స్ అన్నీ వచ్చేదాకా ఆగకుండా సగం దగ్గర ప్యాకెట్ కట్టి పంపేసింది. బాక్స్‌లో ప్యాకింగ్ సెట్టింగ్ ఉంటుంది: ఫలానా అక్షరం వచ్చేదాకా ఆగు, లేదా ఇన్ని మిల్లీసెకండ్లు నిశ్శబ్దం అయ్యాక పంపు. లైను చివరి అక్షరాన్ని డెలిమిటర్‌గా (హద్దు గుర్తుగా) పెడితే చాలావరకు కుదురుతుంది. కానీ నిజమైన మరమ్మతు ప్రోగ్రాంలోనే జరగాలి. టీసీపీకి మెసేజ్ హద్దులు తెలియవు, అది బైట్ల ప్రవాహం మాత్రమే. లైను చివర కనబడేదాకా కూడబెట్టి, అప్పుడే చదవాలి. మీరు రాసిన ప్రోగ్రాం కాకపోతే రాసినవాళ్ళకి ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పండి.

టైమ్‌అవుట్లూ ఇంతే. నేరుగా వైరు ఉన్న రోజుల్లో 50 మిల్లీసెకండ్లు సరిపోయిన ప్రోగ్రాంకి ఇప్పుడు నెట్‌వర్క్ ఆలస్యం, ప్యాకింగ్ ఆలస్యం కలుస్తాయి. 500 నుంచి 1000 మిల్లీసెకండ్లతో మొదలుపెట్టి, నమ్మకం కుదిరాక తగ్గించుకోండి.

టెక్స్ట్ బాగానే వస్తుంది, బైనరీ ఫైల్ చెడిపోతుంది

బాక్స్‌లో ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ (పంపు, ఆగు సైగలను డేటాతో పాటే పంపే ఫ్లో కంట్రోల్) ఆన్‌లో ఉంటే 17, 19 విలువలున్న బైట్లను అది సైగలనుకుని మింగేస్తుంది. ఆఫ్ చేయండి. 255 ఉన్న చోటల్లా రెండేసి వస్తుంటే, లేదా కనెక్ట్ అవ్వగానే అడగని బైట్లు నాలుగు కనబడితే, మీరు టెల్నెట్ (255ని సైగగా చూసే పాత పద్ధతి) మోడ్ పోర్టుకి తగులుకున్నారు. రా మోడ్‌కి మార్చండి.

కరెంటు పోయి వచ్చాక మళ్ళీ మొదటికే

సెట్టింగులు సేవ్ చేయలేదు, లేదా డీహెచ్‌సీపీ ఈసారి వేరే ఐపీ ఇచ్చింది. బాక్స్‌కి స్థిరమైన ఐపీ ఇవ్వండి, లేదా రూటర్లో దాని మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేయండి. ఐపీ, పోర్టు నంబర్, బాడ్ రేట్, పారిటీ ఒక చీటీ మీద రాసి బాక్స్‌కే అంటించండి. తర్వాత వచ్చేవాళ్ళు ఆ చీటీ చూసి పని మొదలుపెడతారు.